మిలటరీ ఇంటి బిడ్డకు ప్రత్యేక చదువు కావాలంటే – దాచకండి, యూనిట్‌కి చెప్పండి

మన శృంగవరపుకోట చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ‘మిలటరీ ఆయన ఇల్లు’ అంటే దారి చెప్పడానికి ఒక గుర్తు. విశాఖపట్నంలో సైనిక నియామక కార్యాలయం, తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్నాయి. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962 నుండి సైనిక్ స్కూలు ఉంది. వీటికి తోడు మెట్ట పొలం మీద వచ్చే రాబడి అంతంత మాత్రం. అందుకని మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కుర్రాళ్ళు తరాలుగా సైన్యంలో చేరుతున్నారు. భర్త జమ్మూలోనో అస్సాంలోనో ఉంటాడు. భార్య అత్తమామలతోనో పుట్టింటిలోనో పిల్లలను పెంచుతూ ఉంటుంది. ఆ పిల్లల్లో ఒకరికి మాట రాకపోయినా, నడక ఆలస్యమైనా, బడిలో అక్షరం పట్టుబడకపోయినా ఆ తల్లి మోసే బరువు మిగతా తల్లుల బరువు కన్నా ఎక్కువ. ఈ నెల వ్యాసం ఆ కుటుంబాల కోసం రాస్తున్నాను. మీ ఇంట్లో అలాంటి బిడ్డ లేకపోయినా చదవండి, మీ పక్కింట్లో ఉండవచ్చు.

ఓ.పి.లో నేను తరచుగా వినే మాట ఒకటుంది. “మా గుంటడికి మూడేళ్ళు నిండినా మాట రాలేదు సిస్టరమ్మా. ఆల నాన్నకి సెప్పలేదు. బోర్డర్ల డూటీలో ఉన్నోడు, ఇంటే మనసు పాడైపోద్ది గదా.” ఆ తల్లిది మంచి మనసే. కానీ ఆయనకు చెప్పకపోవడం వల్ల ఆ బిడ్డ పోగొట్టుకునేది చాలా ఉంటుంది. తండ్రికి తెలిస్తే కదా యూనిట్‌కి తెలిసేది. యూనిట్‌కి తెలిస్తే కదా ఆ బిడ్డకు రావలసిన వైద్యం, బడి, డబ్బు వచ్చేది.

దాచడం అంచెలంచెలుగా సాగుతుంది. కోడలు భర్తకు చెప్పదు. అత్తగారు వీధిలో చెప్పనివ్వదు. “వాళ్ళ నాన్నకి కూడా నాలుగేళ్ళకే మాటొచ్చింది” అని సర్దేస్తుంది. సెలవులో వచ్చిన తండ్రి విషయం గ్రహించినా, తిరిగి వెళ్ళి యూనిట్లో నోరు విప్పడు. ప్రమోషన్‌కి అడ్డం వస్తుందేమో, మెడికల్ కేటగిరీ తగ్గిస్తారేమో అని ఆయన భయం. ఈ భయానికి ఆధారం లేదు. జవాను మెడికల్ కేటగిరీ, వారు షేప్-1 అనే మాట, ఆయన సొంత ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయించేది. బిడ్డ ఆరోగ్యానికీ దానికీ సంబంధం లేదు. అమెరికా సైన్యంలో అయితే ఇలాంటి బిడ్డ ఉన్న సైనికుడు ఆ సంగతి ప్రత్యేకంగా నమోదు చేయించుకోవడం తప్పనిసరి. బదిలీ చేసేటప్పుడు ఆ నమోదును చూస్తారు. మన దగ్గర అంత నిర్బంధం కనబడదు కాబట్టి చొరవ కుటుంబమే తీసుకోవాలి.

ముందు గుర్తించాలి

ఇక్కడ ఎక్కువ రాయను, ఎందుకంటే మన ఆశా కార్యకర్తలకు, అంగన్వాడీ టీచర్లకు ఈ పాఠం తెలిసినదే. మూడు నాలుగు నెలలకు మెడ నిలవాలి. తొమ్మిది నెలలకు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదికి ఒక్క మాటైనా, ఏడాదిన్నరకు కావలసినది వేలితో చూపించడమైనా రావాలి. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి “అమ్మా పాలు” అనాలి. వచ్చిన మాటలు పోయాయంటే అది ఏ వయసులోనైనా ప్రమాద సూచనే, ఆ వారమే డాక్టరుకు చూపించండి. మాట రాని ప్రతి బిడ్డకూ మొట్టమొదట చేయించవలసినది వినికిడి పరీక్ష. చెవి పరీక్ష చేయించకుండా ‘మొండివాడు’ అనో ‘మంద బుద్ధి’ అనో ముద్ర వేయడం అన్యాయం. మేనరికం సంబంధాలు ఉన్న ఇళ్ళలో, పుట్టగానే ఏడవని పిల్లల్లో, పసికందుగా ఉన్నప్పుడు పచ్చకామెర్లు బాగా ముదిరిన పిల్లల్లో మరింత జాగ్రత్తగా చూడాలి. సుఖంగా పుట్టి, చక్కగా మాట్లాడుతూ, మూడో తరగతిలో కూడా అక్షరాలు తారుమారు చేసే పిల్లలు వేరు. వారి తెలివికి లోటు ఉండదు, చదవడంలోనే ఇబ్బంది. దాన్ని కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది.

ఆ చట్టం గురించి రెండు ముక్కలు. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. కొత్త చట్టంలో ఆటిజంతో కలిపి 21 రకాలు ఉన్నాయి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు దగ్గరలోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కు. కాబట్టి “ఈ పిల్లాడు మా బడికి పనికిరాడు” అని హెడ్మాస్టరు అంటే తల వంచుకుని తిరిగి రావలసిన పని లేదు.

ఎవరు సైనికులు, ఎవరు కారు

మన ఊళ్ళలో ఖాకీ అయినా ఆకుపచ్చ అయినా అందరినీ మిలటరీ అనే అంటాము. కానీ సైన్యం, నౌకాదళం, వైమానిక దళం రక్షణ శాఖ కిందివి. సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్., సి.ఐ.ఎస్.ఎఫ్. హోం శాఖ కిందివి. ఆసుపత్రి కార్డులు, పింఛను నిబంధనలు, రిటైరైన తరువాతి వైద్యం వేరువేరు. సి.ఆర్.పి.ఎఫ్. భార్య సైనిక పాలీక్లినిక్‌కి వెళ్ళి నిరాశపడి తిరిగి రావడం జరుగుతుంటుంది. వారికి 2021లో ఆయుష్మాన్ సి.ఏ.పి.ఎఫ్. పథకం వచ్చింది, వారు తమ బెటాలియన్‌నే అడగాలి. అలాగే 2022లో మొదలైన అగ్నిపథ్ కింద చేరినవారికి నాలుగేళ్ళ తరువాత బయటికి వస్తే పింఛను గానీ, మాజీ సైనికుల వైద్య పథకం గానీ ఉండదు. ఈ వ్యాసంలో ఇకపై చెప్పేది ముఖ్యంగా రెగ్యులర్ సైనికుల కుటుంబాల గురించి.

యూనిట్‌కి చెబితే ఏమవుతుంది

సైన్యంలో పెళ్ళి, బిడ్డ పుట్టుక వంటి ప్రతి సంగతినీ ‘పార్ట్-2 ఆర్డర్’ అనే కాగితంలో ప్రచురిస్తారు. రికార్డు ఆఫీసులో ఉండేది దాని ప్రకారమే. మిగిలిన రెండు దళాలలో కాగితం పేరు మారుతుంది, పని అదే. బిడ్డ పేరు అక్కడ లేకపోతే ఆ బిడ్డ లెక్కలో లేనట్టే. పేరు ఉండి, వైకల్యం సంగతి లేకపోతే మామూలు బిడ్డ కిందే లెక్క. కాబట్టి మొదటి పని బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ రికార్డులోనూ ఒకేలా ఉన్నాయా చూసుకోవడం. ‘సాయి’ అని ఒకచోట, ‘సాయికుమార్’ అని ఇంకోచోట ఉన్నందుకు ఏళ్ళ తరబడి తిరిగిన కుటుంబాలను చూశాను.

సర్వీసులో ఉన్న సైనికుని భార్యాబిడ్డలకు మూడు దళాల ఆసుపత్రులలో దేనిలోనైనా వైద్యం దొరుకుతుంది. భర్త సైన్యంలో ఉన్నా సరే, విశాఖపట్నంలో ఉన్న నౌకాదళ ఆసుపత్రి ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణికి డిపెండెంట్ కార్డుతో వెళ్ళవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక ప్రైవేటు ఫిజియోథెరపీకి అప్పులు చేసినవారు ఉన్నారు.

బడుల సంగతి. సైనికుల భార్యల సంఘం ‘ఆవా’ 1966 నుండి ఉంది. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం పలు సైనిక కేంద్రాలలో ఆ సంఘం నడిపే ‘ఆశా’ పాఠశాలలు ఉన్నాయి. సికింద్రాబాద్‌లో కూడా ఒకటి ఉంది. నౌకాదళ కుటుంబాల సంస్థ నడిపే ‘సంకల్ప్’ పాఠశాల మనకు దగ్గరలో విశాఖపట్నంలోనే ఉంది. వైమానిక దళం వారివి ‘ఉమీద్’ పాఠశాలలు. వీటిలో చదువుతో పాటు మాట నేర్పే శిక్షణ, ఫిజియోథెరపీ, పెద్ద పిల్లలకు చేతి పనులు ఉంటాయి. సీటు ఉందా, మన బిడ్డకు తగిన తరగతి ఉందా అని వెళ్ళేముందే అడిగి తెలుసుకోవాలి. కేంద్రీయ విద్యాలయాలలో కూడా దివ్యాంగులకు 3 శాతం సీట్లు ఉన్నాయి.

డబ్బు సంగతి. పిల్లల చదువు భత్యం దివ్యాంగులైన పిల్లలకు రెట్టింపు. 2024 జనవరి నుండి అది నెలకు 5,625 రూపాయలు. మామూలు పిల్లల భత్యమే తీసుకుంటూ, రెట్టింపు ఉందని తెలియని జవాన్లు ఉన్నారు.

బదిలీ సంగతి. బిడ్డ కారణంగా, తగిన ఆసుపత్రీ ప్రత్యేక పాఠశాలా ఉన్న చోటికి పోస్టింగ్ కావాలని కమాండింగ్ ఆఫీసరు ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. సైన్యం అవసరమే ముందు కాబట్టి ప్రతిసారీ దొరుకుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అయితే డాక్టరు కాగితాలు లేని దరఖాస్తు కన్నా ఉన్న దరఖాస్తుకు బలం ఉంటుంది.

వెంట వెళ్ళాలా, ఊళ్ళో ఉండిపోవాలా

తల్లులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. కష్టం ఎక్కడుందో ముందు చూద్దాం. ఫీల్డ్ ఏరియాకి కుటుంబాన్ని తీసుకువెళ్ళలేరు. పీస్ స్టేషన్ వస్తే రెండు మూడేళ్ళు కలిసి ఉండవచ్చు, అదీ క్వార్టరు దొరికితే. ఆ తరువాత మళ్ళీ పెట్టె సర్దుకోవాలి. మామూలు పిల్లలు కొత్త ఊరికి ఆరు నెలల్లో అలవాటు పడతారు, హిందీ కూడా వీధిలోనే నేర్చేసుకుంటారు. మన బిడ్డ సంగతి అలా కాదు. ఇంట్లో మన విజయనగరం తెలుగు, బడిలో హిందీ, టీచరు ఆంగ్లం, పక్క క్వార్టరు వాళ్ళది పంజాబీ. రెండేళ్ళుగా కష్టపడి నేర్చుకున్న ఇరవై మాటలు కొత్తచోట ఎవరికీ అర్థం కావు. అర్థం కాకపోతే బిడ్డ కేకలు పెడుతుంది, కొడుతుంది, లేదా మాటలే మానేస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలకైతే గోడ రంగు మారినా కంగారే.

నా అభిప్రాయం ఇది. వినికిడి యంత్రం పెట్టుకుని ఇప్పుడిప్పుడే మాట నేర్చుకుంటున్న బిడ్డను, కనీసం మాట కుదురుకునే వరకు, ఒకే భాషలో ఉంచడం మంచిది. సెరిబ్రల్ పాల్సీతో కాళ్ళు బిగుసుకుపోయే బిడ్డకు భాష కన్నా రోజూ వ్యాయామం చేయించే చేయి ముఖ్యం. అది ఎక్కడ దొరికితే అక్కడ ఉండాలి. ఆశా పాఠశాల ఉన్న స్టేషన్‌కి కనీసం రెండేళ్ళకు పోస్టింగ్ వస్తే తప్పక వెళ్ళండి. అలాంటి చోట తండ్రి సాయంత్రం ఇంటికి వస్తాడు, తల్లికి అదే పెద్ద మందు. స్టేషన్‌లో మిగిలింది ఆరు నెలలే అయితే బిడ్డను కదపకండి. భర్త ఫీల్డ్‌కి వెళ్ళినప్పుడు కుటుంబం మిలటరీ స్టేషన్‌లోనే ఉండేందుకు ఎస్.ఎఫ్. క్వార్టర్లు ఉంటాయి. అవి తక్కువే, అయినా బిడ్డ బడి మధ్యలో ఆగకుండా అడిగి చూడాలి.

ఊళ్ళో ఉండిపోయే తల్లికి మన దగ్గర ఏముందంటే, సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక ఉపాధ్యాయులు అక్కడ పాఠం చెబుతారు, ఫిజియోథెరపీ కూడా ఏర్పాటు చేస్తారు. కదలలేని పిల్లలకు ఇంటి వద్ద విద్య ఉంది. 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద అంగన్వాడీలో, బడిలో పిల్లలను పరీక్షించి పై ఆసుపత్రికి పంపుతారు. అంతకు మించి కావాలంటే విశాఖపట్నమే. సుమారు 50 కిలోమీటర్లు, బస్సులో బిడ్డను ఒడిలో పెట్టుకుని. వారానికి మూడుసార్లు ఆ ప్రయాణం చేసి నడుము పట్టేసిన తల్లులకు నేను చెప్పేది, నెలకు రెండుసార్లు వెళ్ళి వ్యాయామాలు నేర్చుకుని, మిగతా రోజులు ఇంట్లో చేయించండి అని. రోజూ పావుగంట తల్లి చేయించినది, వారానికొకసారి గంటసేపు వేరొకరు చేయించినదానికి తీసిపోదు. ఎలా చేయించాలో మాత్రం ఫిజియోథెరపిస్టు ఎదురుగా ఒకసారి చేసి చూపించి తప్పులు దిద్దించుకోవాలి.

బిడ్డతో పాటు తిరగవలసిన ఫైలు

ఉన్నా వెళ్ళినా ఒక గట్టి అట్ట ఫైలు కొనండి. పుట్టినప్పటి కాగితం, వినికిడి, కంటి పరీక్షలు, స్కానింగు రిపోర్టులు, టీకాల కార్డు అందులో ఉండాలి. మందుల పేర్లు కంపెనీ పేరుతో కాక అసలు మందు పేరుతో, ఎన్ని మిల్లీగ్రాములో రాయించుకోండి. మన ఊరి మందు పేరు జోధ్‌పూర్‌లో దొరకకపోవచ్చు. ఫిట్స్ ఉన్న బిడ్డకు మాత్రలు ఒక్క పూట కూడా ఆగకూడదు. రైల్లోనే రెండు రాత్రులు గడుస్తాయి, కొత్తచోట డాక్టరు దొరకడానికి ఇంకో వారం పడుతుంది, కాబట్టి నెలకు సరిపడా వెంట ఉంచుకోండి. సారాంశం ఆంగ్లంలో రాసి ఇమ్మని మీ డాక్టరును అడగండి, తెలుగులో రాసినది అక్కడివారు చదవలేరు.

ఇంకొక కాగితం ఉంది, దాన్ని ఏ డాక్టరూ రాయలేడు, తల్లే రాయాలి. మీ బిడ్డ మాటలన్నీ ఒక పక్క, వాటి అర్థం హిందీలో మరో పక్క. ‘బువ్వ’ అంటే అన్నం, ‘మ్మ’ అంటే నీళ్ళు, చెవి పట్టుకుంటే బాత్‌రూముకి అని. దేనికి భయపడతాడు, ఏం ఇస్తే ఏడుపు ఆపుతాడు, ఎలా కూర్చోబెడితే తింటాడు. ఒక పేజీ చాలు. కొత్త బడిలో టీచరుకు మొదటి రోజే ఇవ్వండి. హిందీ రాకపోతే భర్త చేత ఫోనులో చెప్పించుకుని రాయండి. ఆ పని ఆయనకు కూడా బిడ్డను పరిచయం చేస్తుంది.

సదరం శిబిరంలో పొందే వైకల్య ధ్రువపత్రంతో పాటు దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు తప్పక తీసుకోండి. వేరే రాష్ట్రంలో మన రాష్ట్రపు కాగితం చూసి తెల్లబోయే గుమాస్తా కూడా ఆ కార్డును కాదనలేడు. సదరం స్లాటుకు సచివాలయంలోనో మీసేవలోనో అడగవచ్చు.

నాన్న సెలవు

జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. అవి కూడా ఒకేసారి దొరకవు. ఆ కొద్ది రోజుల్లో ఆరుగురు డాక్టర్లకు, ఇద్దరు తాయెత్తులవారికి చూపించి, అలిసిపోయి, చివరికి ఏదీ తేలకుండా వెళ్ళిపోయే తండ్రులే ఎక్కువ. సెలవుకు ముందే తల్లి స్లాటు తీసుకుని ఉంచితే, తండ్రి సంతకం కావలసిన పనులు ముందుగా అయిపోతాయి. ధ్రువపత్రం పట్టుకునే ఆయన యూనిట్‌కి తిరిగి వెళ్ళాలి.

వచ్చిన మొదటి రోజు బిడ్డ ఆయన దగ్గరకు రాకపోతే నొచ్చుకోకండి. ఆరు నెలలుగా ఫోనులో కనిపించిన ముఖం ఒక్కసారిగా మీసాలతో, ట్రంకు పెట్టెతో గుమ్మంలో నిలబడితే పిల్లలు బెదరడం సహజం. బలవంతంగా ఎత్తుకోవద్దు. పక్కన కూర్చుని బిడ్డ ఆడేదే ఆడాలి. రెండో వారంలో స్నానం గానీ వ్యాయామం గానీ ఒక పని పూర్తిగా తండ్రి చేతికి ఇవ్వండి. ఆయన వెళ్ళే ముందు ఆ పని చేస్తూ ఫోనులో వీడియో తీసి ఉంచితే, తరువాత బిడ్డ దాన్ని చూస్తూ మీ చేత చేయించుకుంటుంది. మరొక మాట తండ్రులతో. భార్య మీద కోపం వద్దు. “నువ్వు సరిగ్గా చూడలేదు” అన్న మాట ఆ ఇంట్లో ఆమెను నిలబడనివ్వదు. ఆటిజం తల్లి పెంపకం వల్ల రాదు, ఫోను ఎక్కువ చూపించినంత మాత్రాన రాదు.

రిటైరయ్యే ముందు, ఆ తరువాత

సైనికులు చిన్న వయసులోనే, నలభై దాటీ దాటకుండానే ఇంటికి వస్తారు. బిడ్డకు అప్పటికి పదేళ్ళో పన్నెండేళ్ళో ఉంటాయి. మాజీ సైనికుల వైద్య పథకం ఇ.సి.హెచ్.ఎస్. 2003లో మొదలైంది. మామూలుగా కొడుక్కి 25 ఏళ్ళు దాటితే ఆ కార్డు చెల్లదు. శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు వయసు పరిమితి లేదు, కానీ దరఖాస్తులోనే వైకల్యం చూపించి కార్డు తీసుకోవాలి.

అన్నిటికన్నా పెద్దది కుటుంబ పింఛను. సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు తల్లిదండ్రుల తరువాత జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే వీలుంది. 2021లో రక్షణ శాఖ ఆదాయ నిబంధనను సడలించింది. బిడ్డకు వేరే మార్గంలో వచ్చే మొత్తం ఆదాయం సాధారణ కుటుంబ పింఛను, అంటే చివరి జీతంలో 30 శాతం, దాని మీద కరువు భత్యం కలిపినదాని కన్నా తక్కువైతే అర్హత ఉంటుంది. ‘మేం పోయాక వీడి గతేమిటి’ అని రాత్రిళ్ళు నిద్రపోని తల్లిదండ్రులకు ఇంతకన్నా గట్టి ఆసరా లేదు. కానీ తండ్రి సర్వీసులో దాచి, పింఛను కాగితాలలో రాయించకుండా పోతే, వృద్ధురాలైన తల్లో, ఏ అన్నదమ్ముడో తరువాత రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు రాసుకుంటూ ఈ బిడ్డ ఆయన బిడ్డేనని, వైకల్యం ఎప్పటి నుండో ఉందని నిరూపించుకోవాలి. తండ్రి బతికుండగా ఒక్క రోజులో అయ్యే పని అది.

బిడ్డకు 18 ఏళ్ళు నిండితే చట్టం దృష్టిలో పెద్దవాడే. బ్యాంకులో, పింఛనులో సంతకం పెట్టలేని బిడ్డకు చట్టపరమైన సంరక్షకుడు కావాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టరు గారి ఆధ్వర్యంలోని జిల్లా కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆ ట్రస్టు కిందనే ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. సంరక్షకునిగా ఎవరిని అడగాలో తల్లిదండ్రులు ఓపిక ఉన్నప్పుడే, మిగతా పిల్లల ఎదుట మాట్లాడుకోవడం మంచిది.

మాజీ సైనికులు, వీరమరణం పొందినవారి భార్యలు విజయనగరంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళవచ్చు. నూరు శాతం వైకల్యం ఉన్న పిల్లలకు కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే ఆర్థిక సహాయం గురించి కూడా అక్కడే అడగండి. వెళ్ళేటప్పుడు డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ., బిడ్డ ఆధార్, యు.డి.ఐ.డి. కార్డు, బ్యాంకు పాసుపుస్తకం అసలువి చూపించడానికి, ఒక్కొక్కటి రెండేసి జిరాక్సులు ఇవ్వడానికి తీసుకువెళ్ళండి. దరఖాస్తు ఇచ్చాక రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకుని ఇందాక చెప్పిన అట్ట ఫైల్లో పెట్టుకోండి.